కాటన్‌లో పత్తి లేదు: ఒక ఇంటిపేరు పటం డైరీ

ఏప్రిల్ 6

ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం మా మనవరాలు. ఆదివారం పూట ధవళేశ్వరం బ్యారేజీ మీద ఆటోలో వస్తుంటే బోర్డు మీద కాటన్ దొర పేరు చదివి, "తాతయ్యా, ఈయన పత్తి వ్యాపారం చేసేవాడా?" అంది. కాదమ్మా, ఇంజనీరు, గోదావరికి ఆనకట్ట కట్టాడు అన్నాను. "మరి కాటన్ అంటే పత్తి కదా?"

నేను ముప్పై ఒక్క ఏళ్లు కాలవల డ్రాయింగులు గీసి రిటైరైనవాణ్ణి. ఆయన తవ్వించిన కాలవలకే ఎల్-సెక్షన్లు, క్రాస్ సెక్షన్లు వేసి ఉద్యోగం వెళ్లదీశాను. 1847లో పని మొదలు, 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట పూర్తి. ఆ కథ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంటిపేరు సంగతి మాత్రం ఒక్కరోజు కూడా తట్టలేదు. పత్తే అయుంటుందిలే అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో.

మే 15 ఆయన జయంతి. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల మూలన ఏటా ఒక ఫోటోకి దండ వేసి, పులిహోర పంచి వచ్చేస్తాం. ఈసారి ఒక పటం చేద్దామని ఒప్పుకున్నాను. ఇంగ్లండు పటం గీసి, కాటన్ అనే పేరు ఎక్కడ పుట్టిందో గుండుసూదులు గుచ్చి, దారాలు కట్టి చూపించాలి. నలభై రోజులు కూడా లేవు.

ఏప్రిల్ 9

నాలుగడుగులు బై మూడడుగుల ప్లైవుడ్ ముక్క తెచ్చాను. ఆరు ఎం.ఎం. మందం. గుండుసూది గుచ్చితే రెండు సమస్యలు: ఒకటి, దిగదు. రెండు, సుత్తితో కొడితే వెనకాల మొన తేలుతుంది. పిల్లల వేళ్లకి గుచ్చుకుంటే నా పని అయినట్టే. పైన ఒక అంగుళం థర్మోకోల్ షీటు ఫెవికాల్‌తో అంటించి, దాని మీద డ్రాయింగ్ షీటు వేశాను. ఇప్పుడు సూది హాయిగా దిగుతోంది. ఆరడానికి రాత్రంతా పైన సిమెంటు ఇటుకలు పెట్టాను. పొద్దున చూస్తే మా ఆవిడ వాటిలో రెండు తీసుకెళ్లి తులసి కోట దగ్గర వాడేసుకుంది. ఒక మూల కొంచెం పైకి లేచింది. ఫరవాలేదు, అటువైపు సముద్రమే వస్తుంది.

ఏప్రిల్ 12

ఇవాళ్టి సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

అట్లాసులోంచి గళ్ల పద్ధతిలో పటం పెద్దది చేశాను. ఇంగ్లండు దాదాపు 50 నుంచి 56 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంటుంది. డిగ్రీకి ఆరు అంగుళాలు అనుకుంటే ఆరు డిగ్రీలకి 36 అంగుళాలు, బల్ల ఎత్తుకి సరిగ్గా సరిపోయింది. తూర్పు పడమరలు ఏడున్నర డిగ్రీలు. దానికీ ఆరు అంగుళాల గడే వేశాను. 45 అంగుళాలు, బల్ల వెడల్పు 48. అంతా లెక్కగా కుదిరిందని మురిసిపోతూ తీరం గీశాను. తీరా చూస్తే ఇంగ్లండు ఆవిరి మీద ఉబ్బిన ఇడ్లీలా ఉంది.

అరగంట తర్వాత వెలిగింది. మన రాజమండ్రి దగ్గర, 17 డిగ్రీల మీద, ఒక రేఖాంశం డిగ్రీ అంటే 106 కిలోమీటర్లు. అక్షాంశం డిగ్రీ 111. కాబట్టి ఆంధ్రా పటం గీసేటప్పుడు చదరపు గళ్లు వేసినా ఎవరికీ తేడా తెలియదు. 53 డిగ్రీల మీదకి వెళ్లేసరికి రేఖాంశాలు దగ్గరపడిపోతాయి. అక్కడ డిగ్రీ 67 కిలోమీటర్లే. అంటే గడి ఆరు అంగుళాల ఎత్తుంటే వెడల్పు మూడు పాయింట్ ఆరు అంగుళాలు ఉండాలి. ఏడున్నర డిగ్రీలకి 27 అంగుళాలు చాలు.

షీటు చింపి మళ్లీ వేశాను. పక్కన ఇరవై అంగుళాల ఖాళీ మిగిలింది. మొదట దిగులేసింది. ఆ ఖాళీలో ఏం పెట్టాలో మెల్లగా ఆలోచిద్దాంలే అనుకున్నాను.

ఏప్రిల్ 16

ఇవాళ వీరేశలింగం గారి జయంతి. గ్రంథాలయంలో చిన్న సభ. వింటూ కూర్చున్నవాణ్ణి ఒక్కసారిగా నిటారుగా అయ్యాను.

ఆయన 1848లో రాజమండ్రిలో పుట్టారు. అంటే ధవళేశ్వరంలో రాళ్లు పేరుస్తున్న రోజుల్లోనే. ఇంటిపేరు కందుకూరి. కందుకూరు ఎక్కడ? నెల్లూరు, ఒంగోలు వైపు. పూర్వీకులు అక్కడి నుంచి వచ్చారు. ఒకవేళ వాళ్లు కందుకూరులోనే ఉండిపోయి ఉంటే కందుకూరి వారని పిలిచి ఏం ప్రయోజనం? ఆ ఊళ్లో అందరూ కందుకూరి వాళ్లే. ఊరు దాటి బయటికొచ్చిన వాడికే ఊరి పేరు అతుక్కుంటుంది.

ఇంగ్లండులోనూ ఇదే లెక్క. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి దేశాన్ని పట్టుకోకముందు అక్కడ ఎక్కువమందికి ఒకటే పేరు. నార్మన్ల తర్వాత పాత ఇంగ్లీషు పేర్లు మూలపడి విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్ లాంటి కొద్ది పేర్లే అందరూ పెట్టుకోవడం మొదలైంది. ఊళ్లో నలుగురు జాన్‌లుంటే పన్ను రాసుకునే గుమాస్తా ఏం చేస్తాడు? ఫలానా ఊరి జాన్, వంతెన పక్క జాన్, ఎర్రజుట్టు జాన్ అని రాసుకుంటాడు. మొదట్లో ఇవి ఆ మనిషితోనే పోయే పేర్లు. భూమి తండ్రి నుంచి కొడుక్కి రావడం, పన్నుల చిట్టాలు పెరగడంతో పేరు కూడా ఆస్తిలాగే వంశానికి దిగింది. దక్షిణ ఇంగ్లండులో 1350 నాటికి చాలామందికి ఇంటిపేరు స్థిరపడింది. ఉత్తరాన ఇంకా ఆలస్యం.

భూస్వాముల దారి వేరు. వాళ్లు ఊరు వదలకుండానే తమ ఎస్టేటు పేరు పెట్టుకునేవాళ్లు. ఊరు వాళ్లదే కాబట్టి పేరూ వాళ్లదే. అందుకని రెండు రంగుల సూదులు అనుకున్నాను. ఎర్రవి జమీందార్లకి, పచ్చవి వలస వెళ్లిన మామూలు జనానికి. ఆ ఖాళీ ఇరవై అంగుళాల్లో మన ఇంటిపేర్లు పెడతాను.

ఏప్రిల్ 21

ఈ రోజు మొత్తం ఒకే ఒక్క అక్షరం మీద పోయింది. కాటన్‌లో చివరి 'న్'.

పాత ఇంగ్లీషులో కోట్ అంటే చిన్న ఇల్లు, గుడిసె. మన చెవికి కోటలా వినబడుతుంది కానీ ఉన్నది దానికి సరిగ్గా తలకిందులు. గొర్రెలకీ పావురాలకీ కట్టే గూడును కూడా కోట్ అనేవాళ్లు. కాటేజ్ అనే మాట దీని మనవరాలే. ఊరి పేర్ల చివర బోలెడు చోట్ల కనిపిస్తుంది. డిడ్‌కాట్ అంటే డుడ్డా అనే వాడి గుడిసె. గుర్రప్పందేల ఆస్కాట్ అంటే తూర్పు గుడిసె.

దీన్ని తెలుగులో ఏమనాలి? కుటీరం అంటే మునులు గుర్తొస్తారు. పాక బాగానే ఉంది. కానీ మా వైపు పొలంలో పశువుల్ని కట్టేసి, పాలేరు రాత్రి పడుకునే చోటుని మకాం అంటారు. మనిషీ గొడ్డూ ఒకే చూరు కింద. కోట్‌కి అదే దగ్గర. అట్ట మీద మకాం అని రాశాను. మనవరాలు కొట్టం అని రాద్దామంది, కోట్‌లా వినిపిస్తుంది కదా అని. వద్దన్నాను. కొట్టం మన మాట, ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ఇలాంటి పోలికలు చూసి పిల్లలు ఇంగ్లీషు తెలుగులోంచే పుట్టిందని మొదలుపెడతారు, పెద్దలైతే ఇంకా గట్టిగా.

సరే, మకాములు అన్నది కాటన్ ఎలా అయింది? పాత ఇంగ్లీషులో ఊరి పేరు చెప్పేటప్పుడు ముందు 'ఎట్' అనే మాట వేసేవాళ్లు, అంటే దగ్గర, వద్ద. ఆ మాట తర్వాత నామవాచకం రూపు మారుతుంది. బహువచనానికి చివర 'ఉం' వస్తుంది. 'ఎట్ కోటుం' అంటే మకాముల దగ్గర. కాలక్రమంలో ఎట్ ఊడిపోయింది. 'ఉం' మాత్రం అరిగి 'అన్' అయి అక్కడే గడ్డకట్టింది. కోటుం, కోటన్, కాటన్. స్నానాల ఊరు బాత్‌ని కూడా పాత రాతల్లో 'ఎట్ బాథుం' అని, అంటే స్నానఘట్టాల దగ్గర అని రాశారు. అక్కడ తోక పూర్తిగా రాలిపోయింది. యార్క్ పక్కన ఏకంబ్ అనే చోటు 'ఓక్ చెట్ల దగ్గర' నుంచి వచ్చింది, తోక 'అంబ్' అయి కూర్చుంది.

ఇదంతా భోజనాల దగ్గర మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఇరవై ఆరేళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి. మజ్జిగ పోస్తూ, "ఇందులో వింతేముందండీ, ఔపవిభక్తికమేగా" అంది.

గరిటె ఆగింది నాది. ఆవిడే చెప్పుకుపోయింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఉన్న ఇ, టి, తి వర్ణాలు. ఊరు ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. విభక్తి రాబోతోందని మాట ముందే వంగి సిద్ధంగా ఉంటుంది. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. వెనకాల రావలసిన 'వారు' రాలిపోయినా ఆ వంపు మిగిలిపోయింది. "మీ కాటన్‌లో నకారం, మన కందుకూరిలో గుడి, రెండూ ఒకటే పని చేస్తున్నాయి. అసలు ఇంటిపేరు అన్న మాటలోనే ఇల్లు ఇంటి అయింది, చూసుకోలేదా?"

చూసుకోలేదు. అరవై నాలుగేళ్లొచ్చినా చూసుకోలేదు.

ఆవిడ ఇంకోటి కూడా అంది. గోదావరి స్నానం చేసేటప్పుడు కాటన్‌ని భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి మా జిల్లాల్లో అందరికీ తెలుసు. అందులో ఆయన పేరు ద్వితీయా విభక్తిలో 'కాటనుం' అని ఉంటుంది. ఇంగ్లండులో వెయ్యేళ్ల కింద అరిగిపోయిన 'ఉం' గోదావరి గట్టు మీద పురోహితుడి నోట మళ్లీ వచ్చి అతుక్కుంది. కాకతాళీయమే, ఈ 'ఉం' వేరు ఆ 'ఉం' వేరు. అయినా ఇవాళ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

ఏప్రిల్ 23

మొన్నటి ఉత్సాహానికి చిన్న దెబ్బ.

'ఎట్ కోటుం' అని పెద్దక్షరాలతో చీటీ రాసి అంటించేశాను. తర్వాత తెలిసింది, కోటన్ అనే ఊరి పేర్లన్నిటికీ అదొక్కటే దారి కాదు. నార్మన్లు వచ్చాక ఇంగ్లీషులో కొన్ని మాటలకి బహువచనం 'అన్' చేర్చి చెప్పేవాళ్లు. ఆక్స్ ఆక్సెన్ అయినట్టు, చిల్డ్రెన్ చివర వినపడే 'ఎన్' లాంటిది. అలా కోట్‌కి కోటెన్ కూడా ఉండేది. అంటే ఆ నకారం 'మకాముల దగ్గర' అనే విభక్తి కావచ్చు, ఉత్త 'మకాములు' అనే బహువచనం కావచ్చు. కేంబ్రిడ్జి పక్కన కోటన్ అనే ఊరు ఉంది. 1086లో విలియం రాజు పన్నుల కోసం దేశమంతా లెక్క రాయించిన డూమ్స్‌డే పుస్తకంలో దాని పేరు 'కోటిస్'. అక్కడ నకారమే లేదు. తర్వాత వచ్చి చేరింది.

చీటీ పీకాను. థర్మోకోల్ కొంచెం లేచింది. కొత్త చీటీలో రెండు దారులూ రాశాను. మా ఆవిడకి నచ్చలేదు, ఔపవిభక్తికం సగానికి పడిపోయిందని. అర్థం మాత్రం ఎటు తిరిగినా మకాముల్లోనే ఉంది.

ఇంకో చీటీ ఎరుపు సిరాతో: పత్తి. అరబ్బుల 'కుత్న్' ఫ్రెంచివాళ్ల నోట 'కోటన్' అయి 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటికి డూమ్స్‌డే పుస్తకం రాసి రెండు వందల ఏళ్లు. మకాం ఉత్తరపు మాట, పత్తి ఎడారి దాటి వచ్చిన మాట. స్పెల్లింగు దగ్గర ఇద్దరూ ఒకే గుమ్మంలో తలలు ఢీకొట్టుకున్నారు. మనకి తాగే పాలు, వాటా పాలు ఒకే రూపంలో ఉన్నట్టు.

ఏప్రిల్ 28

సూదులు గుచ్చే రోజు. మనవరాలికి సెలవులిచ్చారు. ఆవిడ అక్షాంశాలు చదువుతుంది, నేను గుచ్చుతాను. పేరు చివర షైర్ అంటే మన జిల్లా లాంటిది.

స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్. నార్తాంప్టన్ ఊరికి ఆనుకుని ఫార్ కాటన్, అంటే దూరపు మకాములు, నది అవతల ఉంది కాబట్టి. వార్విక్‌షైర్‌లో చిల్వర్స్ కోటన్, నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ 1819లో పుట్టింది ఆ పారిష్‌లోనే, అంటే ఆ చర్చి పరిధిలోనే. ఉత్తరాన రెడ్‌కార్ దగ్గర కోథం, సముద్రపు ఒడ్డు. ఇదీ ఆ 'కోటుం' సంతానమే, తోకని ఇంకోలా పలికారు అంతే. నాటింగ్‌హామ్‌షైర్‌లో కాటం, లాంకషైర్‌లో ఇంకో కాటం. వీటి నుంచి కాటం అనే వేరే ఇంటిపేరు వచ్చింది. కోట్స్ అనే ఇంటిపేరు కూడా వీళ్ల దాయాదే, నకారం బదులు మామూలు బహువచనం తగిలించుకుంది.

డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్. దీని ముచ్చట ఒకటుంది. బ్రిటన్ ద్వీపంలో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు ఈ ఊరి పక్కనున్న ఒక పొలం. దాదాపు 113 కిలోమీటర్లు. సముద్రంలో కలిసే ముందు గోదావరిని ఆపిన మనిషి ఇంటిపేరు ఉన్న ఊరు సముద్రానికి అంత దూరాన! ఆయనకీ ఈ ఊరికీ సంబంధం లేదు, అయినా అక్కడ నీలం జెండా పెట్టాలని మనవరాలు పట్టుబట్టింది. పెట్టాం.

సఫోక్‌లో ఉన్న కాటన్ దగ్గర దెబ్బతిన్నాను. గుచ్చేసి, దారం కట్టేశాక తెలిసింది. ఆ ఊరికి మకాములతో పని లేదు. కోడ్డ అనే పేరున్న మనిషి పొలం అని అర్థం, చివర ఉన్నది 'టన్', ఊరు, కమతం. అంటే ఇప్పుడు కాటన్ అనే ఇంటిపేరున్న వాళ్లలో కొందరి పూర్వీకులు గుడిసెల వాళ్లు కాకపోవచ్చు, కోడ్డ గారి పొలం వాళ్లు కావచ్చు. ఆ సూదికి తెల్ల తల పెట్టాను.

గుచ్చడం అయ్యాక దూరంగా నిలబడి చూస్తే సూదులు దేశమంతా సమంగా లేవు. మధ్యలో, స్టాఫర్డ్, ష్రాప్, వార్విక్, నార్తాంప్టన్ వైపు గుంపుకట్టాయి. పెద్ద ఊరికి కొంచెం ఎడంగా, పేదవాళ్లు నాలుగు గుడిసెలు వేసుకున్న చోటు. డూమ్స్‌డే లెక్కల్లో ఇలాంటి వాళ్లకి ఒక వర్గం పేరే ఉంది, కొద్దిపాటి నేల ఉన్న గుడిసెవాసులు. ఊరికి వేరే పేరు పెట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు. అక్కడ గుడిసెలున్నాయి కాబట్టి గుడిసెలు. అలాంటివి ఒకటి కాదు, దేశంలో పదులు. కాబట్టి కాటన్‌లందరూ ఒక వంశం కాదు. మనలో వేమూరి వారిలో వేర్వేరు కులాల వాళ్లూ గోత్రాల వాళ్లూ ఉన్నట్టే.

మే 3

దారాలు. మా ఆవిడ పూలు కట్టుకునే నూలు దారం దొంగిలించాను. పత్తి లేదని నిరూపించే పటానికి పత్తి దారం! ఆవిడ రెండు సార్లు అంది, మూడోసారి అనకుండా నేనే ఇక్కడ రాసేశాను.

మన కాటన్ దొర దారం చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దుకి వెళుతుంది. ఆయన 1803 మే 15న పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌కోట్ వాసి. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. వుడ్‌కోట్ అంటే అడవి పక్క మకాం. నడిమి పేరు కాల్వ్‌లీ కూడా చెషైర్‌లో ఒక ఊరి పేరే, లేగదూడలు మేసే బయలు అని అర్థం. అంటే దూడల బయలు మకాముల వారు అడవి మకాంలో కాపురం. మన గోదావరి లంకల్లో మనిషి వివరం చెప్పినట్టే ఉంది.

ఆ తండ్రి కాంబర్‌మియర్ బారోనెట్ల (తరతరాలుగా 'సర్' బిరుదు వచ్చేవాళ్ల) వంశంలో చిన్న కొడుకు. కాంబర్‌మియర్ అసలు సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం, 1133లో పెట్టింది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు 1538లో ఇదీ మూతపడింది. మరుసటి ఏడాది రాజు దాన్ని తన కొలువులో ఉన్న సర్ జార్జ్ కాటన్‌కి ఇచ్చాడు. 1919 దాకా ఆ కుటుంబానిదే. తాము ష్రాప్‌షైర్‌లోని కోటన్ వాళ్లమని ఆ ఇంటివాళ్లు చెప్పుకునేవారు. ఎర్ర సూది. మకాం పేరున్నవాడికి మఠం దొరికింది.

ఇదే ఇంటి నుంచి స్టేపుల్టన్ కాటన్, ఆర్థర్ కాటన్‌కి పెదనాన్న కొడుకు. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో ఉన్నాడు, 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్నాడు, వైకౌంట్ కాంబర్‌మియర్ అయ్యాడు. అన్న కోటలు పడగొట్టాడు, తమ్ముడు ఆనకట్టలు కట్టాడు.

అసలు చిక్కు మన దేశంలో తిరిగిన మిగతా కాటన్‌లతో వచ్చింది. బెంగళూరులో చదువుకున్న మా తోడల్లుడు ఫోన్ చేసి, "బావగారూ, బిషప్ కాటన్ స్కూలు ఆ కాటన్ గారిదేనా?" అన్నాడు. కాదు. ఆయన జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్, కలకత్తా బిషప్, 1866లో కుష్టియా దగ్గర నదిలో పడి చనిపోయాడు. మొదట వేరే వంశం అనుకుని పక్కన పెట్టాను. తర్వాత నడిమి పేరు చూశాను. లించ్. కాంబర్‌మియర్ నాలుగో బారోనెట్ పేరు సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్, ఆర్థర్‌కి తాతగారు. ఇంటిపేరు కలవడం కన్నా నడిమి పేరు కలవడమే గట్టి ఆనవాలు. చుక్కల దారం కట్టాను, అంటే స్కెచ్ పెన్నుతో దారం మీద నల్లచుక్కలు పెట్టాను. అదే బెంగళూరులో కాటన్‌పేట అని ఉంది. అది మాత్రం నిజంగా పత్తి పేటే, కన్నడంలో అరళెపేటె. తోడల్లుడు ఈ ఒక్క ముక్కకి సంతోషించాడు.

గౌహతిలో ఒకప్పటి కాటన్ కాలేజీ ఇంకో తిరకాసు. 1901లో దాన్ని పెట్టిన హెన్రీ కాటన్ అస్సాం చీఫ్ కమిషనర్, 1904లో బొంబాయి కాంగ్రెస్ అధ్యక్షుడు. పుట్టింది 1845లో కుంభకోణంలో. కావేరి పక్కన! ఆర్థర్ కాటన్ 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట కట్టింది ఆ చుట్టుపక్కలే. దారం కట్టడానికి చెయ్యి లాగేసింది. కానీ ఆయన వంశం వేరు, సెయింట్ ఆల్బన్స్‌లో వైద్యుడూ కవీ అయిన నథానియెల్ కాటన్ సంతతి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాలవ డ్రాయింగులో అయినా అంతే, రెండు బోదెలు దగ్గరగా పారుతున్నాయని కలిపేస్తే రైతు కొడతాడు.

మే 9

ఈ ఒక్క సూది కోసం ఇంత పనీ చేసినా తప్పులేదనిపిస్తోంది. హంటింగ్డన్‌షైర్, కోనింగ్టన్. సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్, 1571 నుంచి 1631.

ఈయన పాత రాతప్రతుల పిచ్చివాడు. మఠాలు మూతపడి, వాటి పుస్తకాలు చెల్లాచెదురై పోయాయి. ఆయన వాటిని ఏరి ఏరి పోగేశాడు. బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలల బొమ్మలు పెట్టుకుని, ఏ పుస్తకం ఏ చక్రవర్తి కింద ఎన్నో అరలో ఉందో అదే గుర్తు. ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఆ గుర్తులే వాడతారు. ఇంగ్లీషువాళ్ల అతి పాత వీరగాథ బెయోవుల్ఫ్ ఉన్న ఒకే ఒక్క ప్రతి విటెల్లియస్ చక్రవర్తి కింద ఉండేది. లిండిస్ఫార్న్ సువార్తలు నీరో కింద. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నాకార్టా పత్రం ప్రతుల్లో మిగిలిన నాలుగింటిలో రెండు ఈయన సంగ్రహంలోవే. 1731 అక్టోబరులో ఆ పుస్తకాలున్న ఇల్లు తగలబడింది. పేరేమిటో తెలుసా? ఆష్‌బర్న్‌హామ్ హౌస్. ఆష్ అంటే అక్కడ ఒక చెట్టు, కానీ ఇంగ్లీషు తెలిసిన ప్రతి పిల్లాడికీ బూడిదే గుర్తొస్తుంది. బెయోవుల్ఫ్ అంచులు కాలాయి, లోపలి కథ బతికింది.

పాత ఇంగ్లీషు ఎలా ఉండేదో, 'ఎట్' తర్వాత మాట ఎలా వంగేదో ఇవాళ మనకి తెలుస్తోందంటే అందులో పెద్ద వాటా ఈయన దాచిన పుస్తకాలది. ఆ భాష విభక్తి ఒకటి ఆయన సంతకంలోనే గడ్డకట్టి కూర్చుని ఉండొచ్చు. ఆయన గమనించాడో లేదో. మా ఆవిడ చెప్పేదాకా నేను గమనించలేదు కదా.

ఈయనకీ కాంబర్‌మియర్ వాళ్లకీ దారం కట్టలేదు. పక్కన ఇంకో చిన్న సూది, అమెరికాలో బోస్టన్‌కి బాణం గుర్తు. డెర్బీలో పుట్టిన జాన్ కాటన్ అనే పాస్టరు అక్కడికి వెళ్లాడు. ఆయన మనవడికి తాత ఇంటిపేరునే పేరుగా పెట్టి కాటన్ మేథర్ అన్నారు. ఊరు ఇంటిపేరై, ఇంటిపేరు పేరై పోయింది. ధవళేశ్వరంలో అది మళ్లీ బ్యారేజీ పేరై నేల మీదకి దిగింది.

మే 11

పక్కనున్న ఇరవై అంగుళాల ఖాళీలో ఆంధ్రా, తెలంగాణ పటం వేశాను. ఇక్కడ చదరపు గళ్లే! పిల్లలు తమ ఇంటిపేరు చీటీ రాసి ఊరి మీద గుచ్చుకోవాలి. నమూనాకి కందుకూరి ఒకటి గుచ్చి, రాజమండ్రికి దారం కట్టాను. లేచిన మూల కింద అట్టముక్క దోపాను.

మే 13

పైన పెట్టడానికి చిన్న ఫ్లెక్సీ ఒకటి వేయించాను. 'కాటన్ అంటే మకాములు' అని నాలుగు మాటలు కూడా లేని శీర్షిక. ప్రింటింగు షాపులో కుర్రాడు సాయంత్రానికల్లా చుట్ట చుట్టి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి విప్పితే అక్షరాలు చక్కగా ఉన్నాయి. రెండు మూలలా రెండు పత్తికాయలు, తెల్లగా పగిలి, అరచేతి మందాన.

వెనక్కి వెళ్లి అడిగాను. "కాటన్ అని కొడితే ఇదే వచ్చిందండీ, ఖాళీగా ఉంటే బావుండదని పెట్టా" అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు. ఏప్రిల్ 6 దాకా నేనూ అక్కడే ఉన్నాను. మళ్లీ వేయాలంటే మూడు రోజులు పడుతుందట.

మే 15

మనవరాలు రాత్రి కూర్చుని రెండు మకాములు గీసింది. తాటాకు చూరు, ముందు కట్టేసిన గేదె. ఇంగ్లండులో గేదె ఉండదే అన్నాను. "ఇది మన మకాం తాతయ్యా, వాళ్లది వాళ్లు గీసుకుంటారు" అంది. కత్తిరించి పత్తికాయల మీద అంటించాం. పొద్దున తొమ్మిదికి బల్ల గోడకెక్కింది. మధ్యాహ్నానికి ఆంధ్రా పటంలో పందొమ్మిది సూదులు, వాటిలో పదకొండు ఊరి, పాటి. మా ఆవిడ ప్రతి పిల్లాడి దగ్గరా నిలబడి ఔపవిభక్తికం చెప్పింది.

ఎడమ మూలన గేదె కొమ్ము పక్కనుంచి పత్తికాయ అంచు కొంచెం కనబడుతూనే ఉంది. మా దగ్గరున్న కాగితం అంతవరకే వచ్చింది.